పెట్టెలో ఫొటో లేని మేనత్త కోసం

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారాలు.

గత నెల మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన ఒక కథ గురించి ఈ ఉత్తరం రాస్తున్నాను. అందులో ఒక మేనత్త ఉంది. పెళ్లి చేసుకోకుండా తమ్ముడి ఇంట్లోనే ఉండి, సాయంత్రాలు వరండాలో చాప పరిచి వాడకట్టు పిల్లలకు లెక్కలు చెబుతూ, ఇంట్లో ఎవరికి జ్వరమొచ్చినా రాత్రంతా మేలుకుని కూర్చున్న మనిషి. రచయిత ఆమెను ఎంతో ఓపికగా, ప్రేమగా చిత్రించారు. మొదటి రెండు పేజీలూ చదువుతున్నంతసేపు, నన్ను ఎరగని వారెవరో నా గురించి రాశారా అనిపించింది. చివరి పేరాలో, ఆమె పోయిన పదకొండో రోజున, మేనకోడలు ఆమె రేకుపెట్టె తెరుస్తుంది. చీరల అడుగున, పాత పేపరులో చుట్టి, ఒక యువకుడి ఫొటో ఉంటుంది. "అందుకా అత్తా!" అని ఆ పిల్ల బావురుమంటుంది. కథ అక్కడితో అయిపోతుంది.

ఆ "అందుకా" అన్న మాట నన్ను ఇన్ని రోజులుగా వదలడం లేదు. అరవై ఏళ్ల నిండు జీవితం ఆ ఒక్క మాటతో ఎవరో ఒక మగవాడి కోసం చేసిన నిరీక్షణగా మారిపోయింది. వరండాలో చెప్పిన లెక్కలు, మేలుకున్న రాత్రులు అన్నీ ఆ ఫొటోకు బదులుగా చేసిన పనులైపోయాయి.

ముప్పై ఏళ్లుగా పిల్లలకు తెలుగు పాఠాలు చెబుతున్నదాన్ని. మన సాహిత్యంలో పెళ్లి వద్దనుకున్న ప్రతి మనిషికీ ఒక కారణం తప్పనిసరిగా ఉంటుంది. భీష్ముడికి ప్రతిజ్ఞ ఉంది, సన్యాసికి వైరాగ్యం ఉంది, భక్తురాలికి దేవుడే భర్త. ఇంటి పెద్దకొడుక్కి చెల్లెళ్ల బాధ్యత, మిగిలిన వాళ్లందరికీ విఫలప్రేమ. ప్రతిజ్ఞ అయినా వైరాగ్యమైనా కోరికను జయించడానికి సంబంధించినవి కనుక, జయించడానికి ముందు ఆ కోరికంటూ ఒకటి ఉండాలి. అసలు ఆ కోరికే తన స్వభావంలో లేని మనిషి, దేన్నీ త్యాగం చేయకుండానే, దేనికీ ఏడవకుండానే ఒంటరిగా బతికిన మనిషి మన కథల్లో కనిపించడం చాలా అరుదు. మన మాటల్లోనే ఆ చోటు లేదు. "పెళ్లి కాలేదు" అంటాం గాని "చేసుకోలేదు" అనడానికి నోరు రాదు. "కాలేదు" అన్నప్పుడల్లా దాని ముందు "ఇంకా" అన్న మాట వినబడుతూనే ఉంటుంది. ఆడదైతే ఒంటికాయ శొంఠికొమ్ము, మగవాడైతే ముదురు బెండకాయ.

ఇతరుల పట్ల లైంగిక ఆకర్షణ కలగని వారిని అసెక్సువల్ అని, ప్రేమలో పడడం అన్నది అనుభవంలోకి రాని వారిని అరొమాంటిక్ అని అంటారు. ఈ రెండూ ఒకటి కావు. ఒకరిని గాఢంగా ప్రేమిస్తూ, వారితో జీవితం పంచుకోవాలని కోరుకుంటూ, శారీరక వాంఛ మాత్రం లేని వారున్నారు. వాంఛ ఉండి ప్రేమభావం కలగని వారూ ఉన్నారు. రెండూ లేనివారూ ఉన్నారు. కెనడా పరిశోధకుడు ఆంథొనీ బోగార్ట్ 2004లో, బ్రిటన్‌లో 18,000 మందికి పైగా పాల్గొన్న ఒక సర్వే సమాచారాన్ని పరిశీలించినప్పుడు, తమకు ఎవరి పట్లా ఎన్నడూ లైంగిక ఆకర్షణ కలగలేదని చెప్పినవారు సుమారు 1 శాతం ఉన్నారు. ఇలాంటి వారు ఒకరినొకరు కనుక్కోవడానికి అమెరికాలో 2001లోనే ఒక వేదిక ఏర్పడింది.

అసెక్సువల్ అన్న మాట నాకు మొదట మా తమ్ముడి కూతురి నోట వినిపించింది. మాదాపూర్‌లో ఉద్యోగం చేసే ఆ పిల్ల ఒక ఆదివారం మధ్యాహ్నం చిక్కుడుకాయలు ఒలుస్తూ, "అత్తా, నీలాంటి వాళ్లకు ఒక పేరుంది తెలుసా" అంది. నాకు మొదట నచ్చలేదు. మన పత్రికలు ఆ మాటను "అలైంగికులు" అని అనువదిస్తున్నాయి. కాని ఏ తెలుగు మీడియం విద్యార్థినైనా అడగండి, అలైంగికం అనగానే వాళ్లకు గుర్తొచ్చేది జీవశాస్త్రం పాఠంలోని అలైంగిక ప్రత్యుత్పత్తి, దాని కింద ఈస్టు, హైడ్రా, కోరకీభవనం. మనుషులకు ఆ పేరు పెట్టి పిలవడం నాకు ఇప్పటికీ కష్టంగానే ఉంది. అసెక్సువల్ అని తెలుగు లిపిలో రాసినా, యువతరం పిలుచుకుంటున్నట్టు "ఏస్" అని రాసినా పాఠకులకు అర్థమవుతుందని, అనుబంధం బాధ్యులు దీన్ని పరిశీలించాలని నా మనవి.

నా సొంత విషయం ఒకటి ఇక్కడ చెప్పక తప్పదు. మా ఇల్లు నల్లకుంటలో. 1996లో నాలుగో పెళ్లిచూపులకు కూడా నేను వద్దన్న రాత్రి, అమ్మ వంటింటి గడప మీద కూర్చుని నా చెయ్యి పట్టుకుని, "ఎవరన్న ఉన్నరా బిడ్డా? ఏ కులమైనా సరే చెప్పు, మీ నాయిన్ని నేను ఒప్పిస్త" అంది. ఆ రోజుల్లో మా ఇంట్లో ఆ మాట అనడం చిన్న సంగతి కాదు. కులం దాటడానికి సైతం సిద్ధపడిన అమ్మ, "ఎవరూ లేరమ్మా" అన్న మాటను మాత్రం నమ్మలేకపోయింది. మర్నాడు నేను బడికి వెళ్లాక నా రేకుపెట్టె తెరిచి చూసింది. అందులో పదో తరగతి హాల్‌టికెట్, అల్లికసూదులు, ఛందస్సు నోటుపుస్తకం, కోఠిలో కొన్న అట్ట చిరిగిన నవలలు నాలుగు ఉన్నాయి. ఈ సంగతి చాలా ఏళ్ల తర్వాత అమ్మే నాతో చెప్పింది. "ఏదన్న దొరికితె మంచిగుండు అనుకున్న బిడ్డా" అంది.

నా తల్లి చెడ్డది కాదు. ఆమె విన్న ప్రతి కథలోనూ, చిక్కడపల్లి గ్రంథాలయం నుంచి తెచ్చుకుని చదివిన ప్రతి నవలలోనూ, ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో చూసిన ప్రతి సినిమాలోనూ ఇలాంటి ఆడపిల్ల వెనుక ఎవరో ఒకరు ఉన్నారు. లేకపోతే ఆ పిల్లకు ఏదో జబ్బు ఉంది. కథల్లో ఎన్నడూ ఎదురుపడని మనిషి ఇంట్లోనే ఎదురైతే గుర్తుపట్టడం ఎవరికైనా కష్టమే.

జబ్బు అన్నాను కనుక ఒక విదేశీ ఉదాహరణ చెబుతాను. 2012లో "హౌస్" అనే అమెరికన్ వైద్య ధారావాహికలో, తాము అసెక్సువల్ అని చెప్పుకుని సంతోషంగా కాపురం చేస్తున్న దంపతులు కనిపిస్తారు. కథానాయకుడైన వైద్యుడు నమ్మడు. చివరికి భర్త మెదడులో కణితి ఉందని తేలుతుంది, భార్యేమో అతని కోసం అబద్ధమాడానని ఒప్పుకుంటుంది. ఒకరిది రోగం, ఒకరిది అబద్ధం, ఇక అలాంటి మనుషులే లేరన్నమాట. ఆ మరుసటి ఏడాదే, అంటే 2013లో, అమెరికా మానసిక వైద్యుల సంఘం తన నిర్ధారణ గ్రంథం ఐదో కూర్పులో, తాను అసెక్సువల్ అని చెప్పుకునే వ్యక్తికి కోరికలేమి రుగ్మత అని ముద్ర వేయకూడదని చేర్చింది. వైద్యశాస్త్రం దిద్దుకున్నా ఆ కథ మాత్రం అలాగే మిగిలిపోయింది.

ఉన్న పాత్రను చెరిపేయడం మరొక పద్ధతి. అమెరికాలో వచ్చే ఆర్చీ కామిక్స్‌లో ఎప్పుడూ తిండి మీదే ధ్యాస ఉండే జగ్‌హెడ్ అనే కుర్రవాడు అసెక్సువల్ అని 2016లో ఆ కామిక్స్‌లోనే స్పష్టంగా చెప్పారు. ఆ పాత్రలతోనే మరుసటి ఏడాది మొదలైన "రివర్‌డేల్" ధారావాహికలో అతనికి ప్రేమకథ అంటగట్టారు. డిటెక్టివ్ షెర్లాక్ హోమ్స్ సంగతీ అంతే. 1891లో వచ్చిన కథలోనే, ఐరీన్ ఆడ్లర్ అనే స్త్రీ పట్ల హోమ్స్‌కు ఉన్నది ప్రేమ వంటిది కాదని అతని స్నేహితుడు వాట్సన్ చేత చెప్పించారు రచయిత కానన్ డాయల్. అయినా తర్వాత తెరకెక్కించిన వాళ్లు ఆ ఇద్దరినీ పదే పదే జతకట్టించారు. పోనీ డాయల్ చెప్పినదాంతో తృప్తిపడదామంటే, అదే పేరాలో హోమ్స్‌ను ఒక ఆలోచనా యంత్రంగా వర్ణించారు. ప్రేమలో పడని వాడు యంత్రమే అయి ఉండాలా? నా అభిప్రాయంలో చెరిపివేత కంటే ఇదే ఎక్కువ హాని చేస్తుంది.

బాగా రాసినవీ ఉన్నాయి. "బోజాక్ హార్స్‌మన్" యానిమేషన్ ధారావాహికలో టాడ్ అనే కుర్రవాడు, 2016 నాటి ఎపిసోడ్‌లో, తనకు ఎవరి మీదా అలాంటి ఆకర్షణ లేదేమోనని తడబడుతూ తన హైస్కూలు నాటి స్నేహితురాలికి చెబుతాడు. ఆమె ఫరవాలేదంటుంది. 2017లో వచ్చిన తర్వాతి భాగంలో తనను తాను అసెక్సువల్ అని చెప్పుకుంటాడు. ఆ తర్వాత కూడా అతను ప్రేమించాలనుకుంటాడు, తోడు వెతుక్కుంటాడు, ఎప్పటిలా పిచ్చి ఆలోచనలతో ఇల్లంతా చిందరవందర చేస్తాడు. 2022లో జపాన్ ప్రజా ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే ఎనిమిది భాగాల నాటకం ఒకటి ప్రసారం చేసింది. సూపర్‌మార్కెట్‌లో కూరగాయల విభాగంలో పనిచేసే ఒక మగవాడు, అదే సంస్థ కార్యాలయంలో ఉద్యోగం చేసే ఒక స్త్రీ, ఇద్దరూ ప్రేమా కోరికా రెండూ ఎరగనివారు, ఒకే ఇంట్లో కుటుంబంగా ఉండాలని నిర్ణయించుకుంటారు. ఇరుగుపొరుగు, తల్లిదండ్రులు, పాత స్నేహితులు అందరూ అడిగే ప్రశ్నలు మనవే. నా మేనకోడలు పక్కన కూర్చుని ఉపశీర్షికలు చదివి చెబుతుంటే, ఆ తల్లి అడిగిన దగ్గర నేను లేచి వంటింట్లోకి వెళ్లిపోయాను.

ఇదంతా నగరంలోని నాలుగు గోడల మధ్య వేడుక అనుకునేవారికి న్యాయస్థానం మాట ఒకటి గుర్తు చేస్తాను. శారీరక అశక్తత గాని సరైన కారణం గాని లేకుండా చాలాకాలం దాంపత్య సంబంధానికి నిరాకరించడం మానసిక క్రూరత్వం కావచ్చని సుప్రీంకోర్టు 2007లో సమర్ ఘోష్ కేసు తీర్పులో చెప్పింది. తన స్వభావమేమిటో తనకే తెలియని అమ్మాయిని, "పెళ్లయితే అన్నీ అవే సర్దుకుంటాయి" అని పీటల మీద కూర్చోబెడితే, ఆమెకూ ఆమెను కట్టుకున్న పిల్లవాడికీ ఇద్దరికీ అన్యాయమే జరుగుతుంది. పెళ్లికి ముందే తనలాంటి మనిషిని ఒక కథలో చూసి ఉంటే, కనీసం తల్లికి చెప్పుకోవడానికి ఆమెకు ఒక మాట దొరికేది.

తెలుగు సినిమాలో ప్రేమంటే పడని అమ్మాయి పాత్ర చాలాసార్లు హీరోకు సవాలుగానే వస్తుంది, రెండు పాటల్లో మనసు మార్చుకుంటుంది. కృష్ణానగర్ గదుల్లో కథాచర్చలకు కూర్చునే యువ రచయితలను నేను ఒక్కటే అడుగుతున్నాను. ఆమె మనసు మార్చుకోకపోతే కథ ఎటు వెళ్తుందో ఒక్కసారి ఆలోచించి చూడండి. ప్రేమ లేకపోతే కథే లేదని అంటారేమో. ముప్పై ఏళ్లుగా నాతో ఉన్న స్నేహితురాలు నాకుంది. తన కాన్పు సమయంలో నా చెయ్యి వదలని మరదలు ఉంది. ఎన్నో ఏళ్ల కిందట చదువు మానేసి, మళ్లీ వచ్చి నా దగ్గర గురజాడను చదువుకున్న విద్యార్థి ఉన్నాడు. వీటిలో కథ లేదని నాకు ఎన్నడూ అనిపించలేదు.

అనుబంధంలో కథ రాసిన ఆ రచయితకు ఈ ఉత్తరం చేరుతుందని ఆశిస్తున్నాను. ఆ మేనత్తను అంత బాగా ఎరిగినవారు కనుకనే అడిగే చనువు తీసుకుంటున్నాను. దయచేసి ఆ చివరి పేరా మరొకసారి రాయండి. మేనకోడలు పెట్టె తెరవనివ్వండి, చీరలు ఒక్కొక్కటే తీయనివ్వండి, అడుగున ఎవరి ఫొటో లేకుండా ఉండనివ్వండి. అప్పుడు ఆ చాప మీద లెక్కలు నేర్చుకున్న పిల్లల్లో ఒకరు గుమ్మంలోకి వచ్చి నిలబడితే, మేనకోడలూ ఆ వచ్చిన మనిషీ ఆమె గురించి ఏం మాట్లాడుకుంటారో నాకు చదవాలని ఉంది.

ఇట్లు,
ఒక తెలుగు ఉపాధ్యాయిని,
నల్లకుంట, హైదరాబాద్.