గజ్జెల ఖర్చు ఎవరిది?

సంపాదకుడు గారికి నమస్కారం.

నేను విజయవాడలో కూచిపూడి, భరతనాట్యం డ్రెస్సులు కుట్టే టైలర్‌ని. బ్యాలే అనే పాశ్చాత్య నాట్యం గురించి టైలర్‌కేం తెలుసనుకోకండి. బ్రెజిల్‌లో పేదింటి పిల్లలకు బ్యాలే నేర్పే స్కూలు ఒకటుందని మా అమ్మాయి చెబితే దాని గురించి చదివాను. డాన్సు సంగతి అలా ఉంచండి, అక్కడ పిల్లలకు ఏమేమి ఇస్తారో చదివాక రెండు రోజులు అదే ఆలోచన.

ఆ ఊరి పేరు జాయిన్‌విల్లే. దక్షిణ బ్రెజిల్‌లో ఫౌండ్రీలు, ఫ్రిజ్ కంప్రెసర్ల ఫ్యాక్టరీలు ఉన్న ఊరు. బ్యాలేకి పేరుమోసిన మాస్కోలోని బొల్షోయ్ థియేటర్ పేరుతో 2000 మార్చి 15న అక్కడ స్కూలు తెరిచారు. రష్యా బయట బొల్షోయ్‌కి ఉన్న స్కూలు అదొక్కటే. కోర్సు ఎనిమిదేళ్లు. తొమ్మిది, పదేళ్ల వయసులో తీసుకుంటారు. అంతకుముందు డాన్సు నేర్చుకుని ఉండాలన్న రూలేమీ లేదు. చేరిన పిల్లల్లో ఎక్కువమంది చాలీచాలని సంపాదనతో నెట్టుకొచ్చే ఇళ్ల నుంచి వచ్చినవాళ్లే. ఫీజు లేదు. అంతేనా? తిండి వాళ్లదే, రానూపోనూ రవాణా వాళ్లదే, ప్రాక్టీసు బట్టలు, స్టేజీ డ్రెస్సులు వాళ్లవే. కాలు బెణికితే ఫిజియోథెరపీ ఉంది. చివరికి పళ్ల డాక్టరు కూడా!

ఆ పళ్ల డాక్టరు దగ్గరే నేను ఆగిపోయాను. పంటి నొప్పితో పిల్ల క్లాసు మానేస్తుందని ముందే ఆలోచించినవాళ్లు ఎవరో పేదరికాన్ని దగ్గర్నుంచి చూసినవాళ్లే అయుంటారు.

మన దగ్గర మంచి గురువులకు కొదవలేదు. ఫీజు తీసుకోకుండా నేర్పేవాళ్లు నాకు తెలిసే ముగ్గురు నలుగురున్నారు. కానీ పిల్లలు మానేసేది ఫీజు కట్టలేక కాదండీ. సింగ్‌నగర్ నుంచి ఒక పాప వచ్చేది, వాళ్లమ్మ ఇళ్లల్లో పనిచేసేది. టీచరమ్మ పైసా తీసుకోలేదు. క్లాసు అయ్యేసరికి రాత్రి ఏడున్నర. పాపను ఇంటికి తీసుకెళ్లాలంటే తల్లి సాయంత్రం ఒక ఇంటి పని వదులుకోవాలి, పైగా రోజూ ఇద్దరికీ షేర్ ఆటో. గజ్జెలు, నగల సెట్టు, మేకప్ మనిషి, ప్రోగ్రాంలో పాల్గొనాలంటే నిర్వాహకులు అడిగే ఎంట్రీ డబ్బులు, ఇవన్నీ ఫీజు కిందికి రావు కాబట్టి ఎవరూ మాఫీ చెయ్యరు.

ఆ పాపకు నేనే డ్రెస్ కుట్టాను. ఎదిగే పిల్ల కదా అని పైజామాకీ జాకెట్‌కీ లోపల రెండేసి అంగుళాలు గుడ్డ వదిలాను, ఏడాదికోసారి కుట్టు విప్పి వదులు చేస్తే మూడేళ్లు వస్తుందని. ఏడాది తిరక్కుండానే తల్లి ఆ డ్రెస్ కవర్లో పెట్టుకుని వచ్చింది. "అన్నా, ఎవరైనా కొనుక్కుంటే ఇచ్చేయ్" అంది. విప్పి చూస్తే లోపలి గుడ్డ వదిలింది వదిలినట్టే ఉంది.

ప్రభుత్వ సాయం అసలు లేదని అనను. పది నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు కేంద్రం తన సాంస్కృతిక శాఖ కింద ఉన్న సీసీఆర్టీ అనే సంస్థ ద్వారా స్కాలర్‌షిప్ ఇస్తోంది, ట్యూషన్ ఫీజులోనూ కొంత వెనక్కిస్తుంది. కానీ ఆ స్కాలర్‌షిప్ ఏళ్ల తరబడి ఏడాదికి 3,600 రూపాయల దగ్గరే ఉండిపోయింది. నెలకు 300. ఆటో ఖర్చులకే చాలదు.

మరి బ్రెజిల్‌కు డబ్బెక్కడిది? 1991లో వాళ్లొక చట్టం చేసుకున్నారు. కంపెనీలు తాము కట్టాల్సిన ఆదాయపు పన్నులో కొంత, ప్రభుత్వం ఒప్పుకున్న కళా కార్యక్రమాలకు ఇవ్వొచ్చు. ఈ స్కూలుకు ఆ దారిలో డబ్బు వస్తుంది. ఊరి మునిసిపాలిటీ కూడా దానికి అండగా నిలబడింది. మనకూ 2013 కంపెనీల చట్టం ఉంది. పెద్ద కంపెనీలు లాభాల్లో 2 శాతం సమాజానికి ఖర్చుపెట్టాలి, ఆ పద్దుల్లో సంప్రదాయ కళలూ ఉన్నాయి. నాకు మాత్రం ఆ డబ్బు స్టేజీ వెనక ఫ్లెక్సీ మీద లోగోగా తప్ప ఎక్కడా కనపడలేదు.

ఆ స్కూల్లో అంతా బాగుందని కాదు. బ్యాలేకి ఒంటి తీరు కూడా చూస్తారు. నడుము ఎంత వంగుతుందో, పాదం ఎలా ఉందో పరీక్షించి కొద్దిమందినే తీసుకుంటారు. మిగిలినవాళ్లు ఏడ్చుకుంటూ ఇంటికి పోవాల్సిందే. మన నాట్యం ఆ విషయంలో నయం. ఇంకో తేడా, అక్కడ బడి సాధారణంగా ఒక పూటే కాబట్టి రెండో పూట డాన్సుకు దొరుకుతుంది. ఇక్కడ టెన్త్ వచ్చిందంటే ఉన్నవాళ్ల పిల్లల గజ్జెలు కూడా అటకెక్కుతాయి.

నేను పెద్ద పెద్ద కోరికలేమీ కోరడం లేదు. మా ఊళ్లో ఘంటసాల పేరిట ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల ఉంది. అలాంటి ప్రతి చోటా ఒక బీరువా నిండా డ్రెస్సులు, నగలు, గజ్జెలు ఉంచి, ప్రోగ్రాం ఉన్న పిల్లకు లైబ్రరీ పుస్తకంలా ఇచ్చి వెనక్కి తీసుకోవచ్చు. బయట గురువుల దగ్గర ఉచితంగా నేర్చుకునే పిల్లలకూ ఇవ్వాలి. సాయంత్రం క్లాసులకు బస్ పాస్, ఇంత టిఫిన్ కలిపితే మరీ మంచిది.

గుడ్డ, జరీ అంచు ఎవరైనా కొనిస్తే మొదటి పది డ్రెస్సులు పది సైజుల్లో కూలి లేకుండా నేనే కుట్టి ఇస్తాను. సింగ్‌నగర్ పాప డ్రెస్ ఇంకా నా దగ్గరే ఉంది, దాన్నీ అందులో పెడతాను.

ఇట్లు,
ఒక డాన్స్ డ్రెస్సుల టైలర్,
విజయవాడ