నాన్న కంటి రెప్ప విషయంలో సాయం చేసిన అందరికీ

నిన్న పొద్దున నాన్న కన్ను నలుపుకోకుండా పేపరు మొత్తం చదివారు. ఎన్ని నెలలైందో! అందుకే ఈ నాలుగు మాటలు.

నాన్నకు 76 ఏళ్లు. ఎడమ కంటి కింది రెప్ప లోపలికి ముడుచుకుపోయి వెంట్రుకలు నల్లగుడ్డుకు గుచ్చుకునేవి. మొదట చూపించిన చోట వెంట్రుకలు పీకి పంపారు. ఐదారు వారాలకు మళ్లీ మొలిచేవి, అవీ గీసిన గడ్డంలా గరుకుగా. అలా నాలుగుసార్లు.

మొదటి థాంక్స్ మా వదినకి. తను ఆప్టోమెట్రిస్టు, అంటే కళ్లు, చూపు పరీక్షించే పని. సంక్రాంతికి వచ్చినప్పుడు "మావయ్యా, కళ్లు గట్టిగా మూసి తెరవండి" అంది. తెరిచేసరికి రెప్ప అంచు కనబడలేదు, లోపలికి మడత పడింది. తర్వాత రెప్పను రెండు వేళ్లతో ముందుకు లాగి వదిలింది. పాత ఎలాస్టిక్‌లా అలాగే వేలాడింది. నాన్న కన్ను ఆర్పితే గానీ సర్దుకోలేదు. "వెంట్రుకల తప్పేం లేదు, రెప్పే వదులైంది" అని తేల్చేసింది.

అసలు టెన్షన్ ఆపరేషన్ దగ్గర మొదలైంది. ఒక డాక్టరు కుట్లు వేసి రెప్పను బయటికి తిప్పేస్తే చాలన్నారు, పావుగంట పని. ఇంకొకరు కంటి బయటి మూల దగ్గర రెప్పను బిగించి ఎముక మీది పొరకు కుట్టాలి, దాంతోపాటు ఆ కుట్లూ వేయాలి అన్నారు. లాటరల్ టార్సల్ స్ట్రిప్ అంటారట. నాన్నకు స్టెంటు ఉంది, రక్తం పలచబడే మందులు వాడతారు. నిజం చెప్పాలంటే మేమంతా పావుగంట పనికే మొగ్గాం.

ఆ రెండో డాక్టరుగారు మందుల చీటీ వెనక బొమ్మ గీసి చూపించారు. "కుట్లు రెప్పను తిప్పుతాయి, బిగించవు. ఇంత వదులుంటే మళ్లీ ముడుచుకునే అవకాశం ఎక్కువ. కానీ గుండె డాక్టరుగారు మందు ఆపడానికి వీల్లేదంటే కుట్లతోనే సరిపెడదాం. మీ అంతట మీరు మాత్రం ఒక్క మాత్ర కూడా ఆపకండి" అన్నారు. తన పద్ధతే గొప్పని పట్టుబట్టని ఆ మాటకే మాకు నమ్మకం కుదిరింది. గుండె డాక్టరుగారు ఏ మందు ఎన్ని రోజులు ఆపాలో, ఏది ఆపకూడదో కాగితం మీద రాసిచ్చారు. ఆయనకూ కృతజ్ఞతలు.

డేటు వచ్చేదాకా రెప్పను చెంప వైపు లాగి టేపు అంటించడం నేర్పిన నర్సమ్మగారిని మర్చిపోలేను. ఆ టేపే ఆ మూడు వారాలు కన్ను కాపాడింది. గుంటూరు నుంచి హైదరాబాదుకు మూడుసార్లు కారు నడిపిన బావగారికి థాంక్స్ చెబితే తిడతారు, అయినా చెబుతున్నా.

ఆపరేషన్‌కి మత్తు ఇంజెక్షన్ రెప్పకే ఇచ్చారు. రెప్ప బిగించి కుట్లు వేయడానికి ముప్పావుగంట పట్టింది. మధ్యలో నాన్న మిర్చి రేట్లు మొదలెడితే డాక్టరుగారు "పెద్దాయనా, కాసేపు మాట్లాడకండి, రెప్ప కదులుతోంది" అన్నారట.

కన్ను మూల ఇంకా కాస్త పైకి లాగినట్టుంది, కొన్ని వారాల్లో సర్దుకుంటుందన్నారు. అప్పటిదాకా ఎడమ పక్క నుంచి చూస్తే కోపంగా ఉన్నారని అమ్మ కుడి పక్కనే కూర్చుంటోంది.