కార్యదర్శి వార్షిక నివేదిక: ఈ ఏడాది నియోజకవర్గ పేజీల పని

అధ్యక్షుల వారికి, కార్యవర్గానికి, సర్వసభ్య సమావేశానికి వచ్చిన సభ్యులందరికీ నమస్కారం. రాని వారికి ఈ ప్రతి మెయిల్లో వెళ్తుంది. కనీసం తెరుస్తారని ఆశ.

తెవికీలో (తెలుగు వికీపీడియాలో) ఎందుకు రాస్తున్నామో మన సభ్యులకు మళ్ళీ చెప్పక్కర్లేదు. ఈ ఏడు మన శ్రమలో ఎక్కువ భాగం, చర్చల్లో ఇంకా ఎక్కువ భాగం, కొంత మనస్పర్ధ కూడా నియోజకవర్గాల వ్యాసాల దగ్గరే ఖర్చయ్యాయి. శాసనసభ స్థానాలు ఆంధ్రప్రదేశ్‌లో 175, తెలంగాణలో 119. లోక్‌సభ స్థానాలు 25, 17. వీటికి తోడు 2008లో నియోజకవర్గాల హద్దులు మళ్ళీ గీసిన పునర్విభజనలో రద్దయిన పాతవి. తగవులు ఎన్ని రకాలుగా కనిపించినా, చర్చా పేజీలు తిరగేస్తే ఒకటే సంగతి తేలింది: ఇద్దరూ నిజమే రాస్తున్నారు, కాకపోతే వేర్వేరు తేదీల నాటి నిజం.

హుస్నాబాద్ పేజీ చూడండి. 2008 పునర్విభజన ఉత్తర్వులో అది కరీంనగర్ జిల్లాలోది. హుస్నాబాద్, కోహెడ, చిగురుమామిడి, సైదాపూర్, భీమదేవరపల్లి, ఎల్కతుర్తి మండలాలు అందులో ఉన్నాయి. 2016 అక్టోబరు 11న జిల్లాలు మారాయి. మొదటి రెండూ సిద్దిపేటకు పోయాయి, తరవాతి రెండూ కరీంనగర్‌లోనే మిగిలాయి, చివరి రెండూ వరంగల్ అర్బన్‌లో చేరాయి. దాని పేరు 2021లో హనుమకొండ అయింది. మధ్యలో అక్కన్నపేట కొత్త మండలంగా పుట్టింది. 2008 ఉత్తర్వులో దాని పేరు వెతికితే దొరకదు. ఒక సభ్యుడు సమాచారపెట్టెలో (వ్యాసం పక్కన ముఖ్య వివరాలుండే పెట్టెలో) జిల్లా సిద్దిపేట అని మార్చారు. ఇంకొకరు ఉత్తర్వు చూపించి, ఆ మార్పు రద్దుచేసి కరీంనగర్ అని తిరగ్గొట్టారు. మూడో ఆయన మూడు జిల్లాలూ ఒకే గడిలో కుక్కి మూసను (ఆ పెట్టె నమూనాను) చెడగొట్టారు. ఈ ముగ్గురి దగ్గరా మూలం ఉంది. సిద్దిపేట జిల్లా కనక లోక్‌సభ స్థానం మెదక్ అని మార్చిన నాలుగో వారి దగ్గర మాత్రం లేదు. హుస్నాబాద్ కరీంనగర్ లోక్‌సభ స్థానం కిందే ఉంది. జిల్లా గీత జరిగితే నియోజకవర్గం గీత జరగదు.

చివరికి కుదిరిన పద్ధతి ఇది. సమాచారపెట్టెలో ఇప్పటి జిల్లాలన్నీ వరసగా రాయాలి. వ్యాసంలో "2008 ఉత్తర్వు ప్రకారం", "ప్రస్తుత మండలాలు" అని రెండు విభాగాలు ఉండాలి. రెండో దానికి జీవో నంబరు, తేదీ తప్పనిసరి. రద్దయిన పాత స్థానం ఇందుర్తి పేజీని హుస్నాబాద్‌లో విలీనం చేయాలన్న ప్రతిపాదన వీగిపోయింది. 2004 దాకా ఇందుర్తి పేరు మీద ఎన్నికలు జరిగాయి, ఆ ఫలితాలు ఆ పేజీలోనే ఉండాలి. కంకిపాడు, పెనమలూరు విషయంలోనూ ఇదే తీర్మానం.

గీత నిజంగానే జరిగిన చోటు ఒకటుంది, రాష్ట్ర విభజనప్పుడు ఆంధ్రప్రదేశ్‌కు మారిన మండలాలు. 2014 ఏప్రిల్ 30న తెలంగాణలో ఓటేసిన కూనవరం, చింతూరు, వరరామచంద్రాపురం మండలాల వారు 2019లో రంపచోడవరంలో ఓటేశారు. కుక్కునూరు, వేలేరుపాడు వారు పోలవరంలో వేశారు. భద్రాచలం పేజీలో 2014, 2018 ఓటర్ల సంఖ్యలను పక్కపక్కన పెట్టి "ఓటర్లు తగ్గారు" అని రాసిన వాక్యాన్ని తీసేశాం. తగ్గింది నియోజకవర్గం. పట్టిక కింద ఆ గమనిక ఉంది, దయచేసి దాన్ని మళ్ళీ ఎవరూ చెరపొద్దు.

నియోజకవర్గాల వరస సంఖ్యల గొడవ చిన్నదే అయినా నెలలు సాగింది. ఉమ్మడి రాష్ట్రంలో ఇచ్ఛాపురం 120, కుప్పం 294. ఇప్పుడవి 1, 175. తెలంగాణ సంఖ్యలు మారలేదు. పాత సంఖ్య పాత ఎన్నికలతో, కొత్తది సమాచారపెట్టెలో అని సరిపెట్టాం.

పార్టీ పేర్ల గొడవ ఇంకొంచెం ముదిరింది. ఒక ఉత్సాహవంతులు తెరాస అని ఉన్న చోటల్లా భారాస అని ఒక్క ఊపున మార్చేశారు. ఎన్నికల సంఘం ఆ పేరు మార్పును ఆమోదించింది 2022 డిసెంబరు 8న. అంతకు నెల ముందు, నవంబరు 3న జరిగిన మునుగోడు ఉపఎన్నికలో గెలిచింది కూడా తెరాసే. 2018 పట్టికలో భారాస అని రాస్తే అది తప్పు. గెలిచాక కండువా మార్చిన ఎమ్మెల్యేల విషయంలో, పట్టికలో గెలిచిన నాటి పార్టీ ఉంటుంది, మార్పు సంగతి వ్యాసంలో తేదీతో, మూలంతో వస్తుంది. ఇది నచ్చని వారు రచ్చబండలో (తెవికీలో అందరి చర్చా పేజీలో) రాయండి. పేజీ మీద ఒకరినొకరు తిరగ్గొట్టుకుంటే నిర్వాహకులు తాళం వేసి పోతారు, అప్పుడు అక్షరదోషం దిద్దడానికి కూడా ఉండదు.

పాత ఎన్నికల పట్టికల గురించి కొత్త సభ్యులకు రెండు మాటలు. ఒకే ఏడాదికి ఇద్దరు విజేతలు కనిపిస్తే ఒకరిని తీసేయకండి. ద్విసభ్య నియోజకవర్గాలు 1961 చట్టంతో రద్దయ్యేదాకా ఉన్నాయి. ఆంధ్ర ప్రాంతపు పేజీల్లో 1957 వరస ఖాళీగా ఉంటే నింపకండి. 1955లో గెలిచిన వారే 1962 దాకా కొనసాగారు, 1957లో ఎన్నికలు తెలంగాణకే జరిగాయి. 1952 వరసలో ఆంధ్రప్రదేశ్ అని రాసిన వారికి ఏం చెప్పాలో నాకు తోచలేదు.

ఇక ఈ ఏడాది మనం గర్వంగా చెప్పుకోదగ్గది గ్రంథాలయం హాల్లో జరిపిన రెండు రోజుల సమావేశం. చర్చా పేజీల్లో కొట్టుకున్న వారినే జతలుగా ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టాం. ఒకరు ఫారం 20 (నియోజకవర్గం ఓట్ల లెక్కల అధికారిక పత్రం) పైకి చదవాలి, రెండో వారు ఎక్కించాలి. పోలింగ్ కేంద్రాల వారీ అంకెలన్నీ అయ్యాక చివరి పుటలో మూడు మొత్తాలు వస్తాయి: యంత్రాల ఓట్లు, పోస్టల్ ఓట్లు, రెండూ కలిపి. చాలా పేజీల్లో మెజారిటీ తేడాగా ఉండటానికి కారణం, రాసినవారు మొదటి మొత్తం దగ్గరే ఆగిపోవడం. అభ్యర్థుల ఓట్లు, నోటా, తిరస్కరించినవి కలిపితే మొత్తం సరిపోవాలి. టెండర్ ఓట్ల (తన ఓటు వేరొకరు ముందే వేసేస్తే అసలు ఓటరు విడిగా వేసేవి) గడి కలపకూడదు. శాతాల దగ్గర పెద్ద వాదనే నడిచింది. ఒక అభ్యర్థికి 80,000, మొత్తం 1,60,000, అందులో నోటా 3,000 అనుకోండి. నోటాతో లెక్కిస్తే 50.00 శాతం, నోటా తీసేస్తే 50.96. డిపాజిట్ లెక్కకు నోటా చెల్లిన ఓటు కాదు, కనక రెండో పక్షం వాదన కొట్టిపారేయదగ్గది కాదు. అయినా పట్టికలన్నీ ఒక తీరుగా ఉండాలని నోటాతో కలిపే లెక్కించాలని, పట్టిక కింద ఆ మాట రాయాలని తేల్చాం. మధ్యాహ్నం పులిహోర చల్లారింది కానీ ఎవరూ లేచి వెళ్ళలేదు.

హాలు ఇప్పించిన గ్రంథాలయ సిబ్బందికి, ప్రింట్లు తీసిపెట్టిన జెరాక్స్ షాపు వారికి, భోజనాలు చూసుకున్న మహిళా సభ్యులకు, ప్రవాసం నుంచి రాత్రిళ్ళు మేలుకుని మూసలు సరిచేసిన సభ్యులకు, పాత గెజిట్ల ఫొటోలు పంపిన విశ్రాంత ఉద్యోగులకు, కోపాలు పక్కనపెట్టి కూర్చున్న ప్రతి జతకూ సంఘం పేరున ధన్యవాదాలు.

ఆ సమావేశానికి పేరిచ్చిన వారిలో సగం మంది రాలేదు. రాలేమని ముందు చెబితే వారి జతగాళ్ళు ఒంటరిగా కూర్చునే అవసరం ఉండేది కాదు. వాట్సాప్‌లో "నేనున్నాను" అన్న సందేశాలకు మాత్రం కొరత లేదు. ఒక కార్యాలయానికి ఫారం 20 స్పష్టమైన ప్రతుల కోసం రాసిన ఉత్తరానికి జవాబు లేదు. వారు పెట్టిన పీడీఎఫ్ అడ్డంగా స్కాన్ చేసింది, 3కూ 8కీ తేడా తెలియదు. గుర్తుచేస్తూ మళ్ళీ రాశాం, దానికీ అంతే.

జమాఖర్చులు కోశాధికారి చదువుతారు. వచ్చింది చందాల ద్వారా, పోయింది భోజనాలకు, ప్రింట్లకు, బ్యానరుకు. నిల్వ ఉంది, స్వల్పమే. బకాయి ఉన్నవారు టీకి ముందే కోశాధికారిని కలవగలరు.

వచ్చే ఏడాదికి మిగిలింది: 2024 మే 13 ఎన్నికల ఫారం 20లు ఆంధ్రప్రదేశ్ పేజీల్లో పూర్తిగా ఎక్కలేదు. రద్దయిన లోక్‌సభ స్థానాలైన హనుమకొండ, సిద్దిపేట, మిర్యాలగూడ, తెనాలి, బొబ్బిలి, పార్వతీపురం, భద్రాచలం పేజీల్లో శాసనసభ స్థానాల జాబితాలు ఏ పునర్విభజన నాటివో రాయాలి. ఇంకొకటి, రాష్ట్ర పునర్వ్యవస్థీకరణ చట్టం 26వ సెక్షన్‌లో శాసనసభ స్థానాలు ఆంధ్రప్రదేశ్‌కు 225, తెలంగాణకు 153 అని ఉన్నంత మాత్రాన అన్ని స్థానాలు ఇప్పుడే ఉన్నట్టు ఎవరూ రాయొద్దు. అది రాజ్యాంగం 170వ అధికరణానికి లోబడి జరగాల్సిన పని, ఇంకా అమల్లోకి రాలేదు.

ఈ జాబితా తలుపు దగ్గర బల్ల మీద ఉంది. పేజీ పేరు పక్కన మీ వాడుకరి పేరు, ఎప్పటికి పూర్తిచేస్తారో ఆ తేదీ రాయండి. తేదీ లేని పేర్లను ఈసారి లెక్కలోకి తీసుకోం.

ఇట్లు
కార్యదర్శి