పోపుగారి వార్తలో క్రైస్తవులందరినీ ఒకే గాటన కట్టకండి

సంపాదకులకు నమస్కారం.

2025 మే 8న 14వ లియో ఎన్నికైన నాటి నుంచి పోపుగారి వార్త ఏది వచ్చినా తెలుగు పత్రికల్లో, చానళ్లలో ఒకటే మాట: 'ప్రపంచ క్రైస్తవుల మతగురువు'. పక్కనే 'క్రైస్తవుల హర్షం' అని ఒక బాక్సు, అందులో ఏదో ఒక చర్చి ఫొటో. ఆ చర్చి ఒక్కోసారి సీఎస్‌ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) వారిదై ఉంటుంది, ఒక్కోసారి లూథరన్లది. వాళ్ల బిషప్పును పోపుగారు నియమించరు. వాళ్ల ఆరాధనలో పోపుగారి పేరు రాదు. శుభాకాంక్షలు చెబుతారు నిజమే, కానీ అది పొరుగింటి పెళ్లికి చెప్పినట్టే.

ప్రపంచంలో క్రైస్తవులు సుమారు 230 కోట్లు. వారిలో కథోలికులు దాదాపు 140 కోట్లు. అంటే పదిమందిలో నలుగురికి పోపు తమ మతాధిపతి కాదు. ఈ తేడా మన పల్లెల్లో పిల్లల్ని అడిగినా చెబుతారు: ఆర్‌సీఎం (రోమన్ కథోలిక) చర్చి ఎటు, లూథరన్ చర్చి ఎటు, బాప్తిస్టులెవరు, ఊరి చివర రేకుల షెడ్డు వేసుకున్న పెంతెకొస్తు పాస్టరుగారెవరు అని. డెస్కుకు చేరేసరికే అంతా కలగాపులగం అవుతోంది. కొంత తప్పు గడియారానిదని ఒప్పుకోవాలి. ఆ రోజు వాటికన్‌లోని సిస్టైన్ చాపెల్ గొట్టంలోంచి, ఎన్నిక పూర్తయిందనే తెల్లపొగ వచ్చేసరికి మనకు రాత్రి 9.40 కావస్తోంది. కార్డినల్ మాంబెర్తి బాల్కనీలోకి వచ్చి పేరు చెప్పేసరికి పదిన్నర దాటింది. జిల్లా పేజీలు మూసే వేళ. అదీగాక చాలామంది ఊహించని పేరు: రాబర్ట్ ఫ్రాన్సిస్ ప్రెవోస్ట్. షికాగోలో పుట్టి పెరూలో పనిచేసిన అగస్టీనియన్ సభ గురువు. ఆ రాత్రి హడావుడిని అర్థం చేసుకోవచ్చు. మర్నాడైనా సరిచూసుకుని ఉండాల్సింది.

ముందు కథోలికుల సంగతి. కొత్త పోపు రాగానే వాళ్ల తొలి స్పందన కనిపించేది బలిపూజలో (మాస్‌లో). పోపు కన్నుమూసిన దగ్గర్నుంచి, అప్పద్రాక్షారసాలను సమర్పించాక గురువు చేసే ప్రధాన ప్రార్థనలో పోపు పేరు ఆగిపోతుంది, స్థానిక మేత్రాణుల (బిషప్పు) పేరు మాత్రమే వినిపిస్తుంది. ఫ్రాన్సిస్ పోపుగారు మరణించిన ఏప్రిల్ 21 నుంచి మే 8 దాకా జరిగింది ఇదే. ఎన్నికైనవారు అప్పటికే బిషప్ అయితే, 'అంగీకరిస్తున్నాను' అన్న క్షణం నుంచి పోపు. ఆ తర్వాత జరిగే మొట్టమొదటి పూజలోనే కొత్త పేరు చేరుతుంది. మే 18న రోమ్‌లో జరిగిన ప్రారంభ పూజ దాకా ఎవరూ ఆగరు. పన్నెండేళ్లు 'ఫ్రాన్సిస్' అని అలవాటైన నోరు మే 9 ఉదయం కూడా అదే అనేస్తే పూజ చెల్లకుండా పోదు. గురువు నాలుక కరుచుకుని 'లియో' అంటారు, అంతే.

అయితే ఈ ఒక్క వాక్యం చాలా చెబుతుంది. 1960ల నాటి రెండో వాటికన్ మహాసభ తర్వాత వచ్చిన పోపులెవరూ చెల్లరని వాదించే చిన్న చిన్న గుంపులు విదేశాల్లో ఉన్నాయి. వాళ్ల పూజలో ఆ చోట ఏ పేరూ ఉండదు. 1970లో ఆర్చిబిషప్ లెఫెవ్ర్ స్థాపించిన పదో పియూస్ సభకు రోమ్‌తో దశాబ్దాల పేచీ ఉన్నా పోపు పేరు చెబుతుంది. ఎవరు లోపలున్నారో, ఎవరు గడప దాటారో తెలుసుకోవడానికి పత్రికా ప్రకటనల కంటే ఇది నమ్మదగిన గుర్తు.

బాల్కనీ నుంచి ఇచ్చే తొలి 'ఊర్బి ఎత్ ఓర్బి' (నగరానికీ లోకానికీ) ఆశీర్వాదం గురించి కూడా తప్పులు తిరుగుతున్నాయి. దానితోపాటు పరిపూర్ణ ఇండల్జెన్స్, అంటే క్షమాపణ పొందిన పాపాలకు ఇంకా మిగిలిన శిక్ష నుంచి పూర్తి విముక్తి ఇస్తారు. అది టీవీ, రేడియోల ద్వారా పాల్గొనేవారికీ వర్తిస్తుంది. అంతమాత్రాన చూస్తే చాలు, వచ్చేసినట్టు కాదు. పాపసంకీర్తనం చేయాలి, అంటే గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవాలి, దివ్యసత్ప్రసాదం (పూజలో ఇచ్చే అప్పం) స్వీకరించాలి, పోపుగారి ఉద్దేశాల కోసం ప్రార్థించాలి, ఏ పాపం మీదా మనసు లాగకూడదు. ఈ షరతులు కోసేసిన వీడియో ముక్కలే వాట్సాప్‌లో తిరుగుతాయి. అదే ప్రకటన విన్న లూథరన్‌కు మాత్రం 1517 గుర్తొస్తుంది. ఇండల్జెన్సుల అమ్మకం మీదే కదా మార్టిన్ లూథర్ తగాదా మొదలైంది!

కథోలికులు పోపుగారు ఏం చెప్పినా తలూపుతారన్నది ఇంకో అపోహ. పోపు బోధనలో పొరపడరన్న సిద్ధాంతాన్ని 1870లో మొదటి వాటికన్ మహాసభ ప్రకటించింది. విశ్వాసం, నీతి విషయాల్లో శ్రీసభ (కథోలిక సంఘం) అంతటికీ వర్తించేలా లాంఛనంగా ప్రకటించినప్పుడే అది పనిచేస్తుంది. ఆ తర్వాత అలా వాడింది ఒక్కసారే, 1950లో మరియమాత మోక్షారోపణం మీద. విమానంలో విలేకరులకిచ్చే జవాబులకు ఆ రక్షణ లేదు. అందుకే అమెరికా కథోలికులు తమ దేశంవాడు పోపు అయ్యాడని మురుస్తూనే, వలసదారుల విషయంలో ఉపాధ్యక్షుడు జె.డి. వాన్స్ వాదనను తప్పుపట్టిన వ్యాసాన్ని ఎన్నికకు మూడు నెలల ముందు ప్రెవోస్ట్ తన ఎక్స్ ఖాతాలో పంచుకున్నారని తవ్వి తీశారు. వాన్స్ స్వయంగా కథోలికుడు, మే 18 పూజకు వెళ్లాడు కూడా.

కొందరు బట్టలు చూశారు. 2013లో ఫ్రాన్సిస్ తెల్ల అంగీతో మాత్రమే బయటికొచ్చారు, లియో ఎర్రటి భుజవస్త్రం వేసుకుని వచ్చారు. సంప్రదాయవాదులు సంబరపడ్డారు. అవతలివాళ్లు తొలి ప్రసంగంలో వినిపించిన శాంతి, సినడ్ (అందరూ కూడి చర్చించడం) అన్న మాటలు పట్టుకుని ఇది ఫ్రాన్సిస్ దారేనన్నారు. ఒక్క గంటలో, ఒకే బాల్కనీ మీద, రెండు తీర్పులు. రెండూ తొందరపాటే. పాత లాటిన్ పూజ మీద 2021లో ఫ్రాన్సిస్ పెట్టిన ఆంక్షలను లియో ఎత్తేయలేదు. అయినా 2025 అక్టోబరులో పునీత పేతురు బసిలికాలో ఆ పూజ చేసుకోవడానికి కార్డినల్ బర్క్‌కు అనుమతి దొరికింది. నవంబరు 4న లియో ఆమోదంతో వచ్చిన వాటికన్ పత్రం మరియమాతను 'సహ రక్షకురాలు' అనడం సరికాదన్నప్పుడు భక్తులు కొందరు నొచ్చుకున్నారు, ప్రొటెస్టెంట్లు కొందరు మెచ్చుకున్నారు. ఆ పత్రం మరియ భక్తిని ఎక్కడా తగ్గించలేదు. గుణదల కొండ ఎక్కేవారు దానివల్ల మానుకోవలసింది ఏమీ లేదు.

ఇక ఆయన ఎంచుకున్న పేరు. కార్మికుల హక్కుల మీద 1891లో లేఖ రాసిన 13వ లియోను తలచుకుని, కృత్రిమ మేధ కాలంలో శ్రమ గౌరవం గురించి మాట్లాడాల్సి ఉందని ఈ పేరు పెట్టుకున్నానని ఆయనే కార్డినళ్లకు మే 10న వివరించారు. మన పత్రికలు అంతవరకు రాశాయి, బాగానే ఉంది. కానీ లియో అన్న పేరు ఒక్కో శాఖ చరిత్రలో ఒక్కో ముద్ర వేసింది. క్రైస్తవుల స్పందన ఒకటి కాదనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు కనిపించదు.

తెలుగు కథోలికులకు 13వ లియో ఇంటి పెద్దలాంటివారు. 1886లో భారతదేశంలో లాటిన్ (రోమ్ ఆచారం పాటించే) పీఠాల, అంటే ఒక్కో బిషప్పు కింద ఉండే ప్రాంతాల, వ్యవస్థను ఏర్పాటు చేసింది ఆయనే, హైదరాబాద్, విశాఖపట్నం పీఠాలయింది అప్పుడే. మరుసటి ఏడాది కేరళలో సిరియా ఆచారం పాటించే సీరో మలబారు కథోలికులను లాటిన్ పాలన నుంచి విడదీసిందీ ఆయనే. ఆ సంప్రదాయానికి ఇవాళ శంషాబాద్, అదిలాబాద్‌లలో పీఠాలున్నాయి. అదే 13వ లియో 1896లో ఆంగ్లికన్ గురువుల అభిషేకాలు పూర్తిగా చెల్లవని ప్రకటించారు. ఆ తీర్పు నేటికీ రద్దు కాలేదు. ఆంగ్లికన్ వారసత్వం ఉన్న సీఎస్‌ఐ బిషప్పుగారికి ఆ పేరు తీపిగా వినిపించకపోతే ఆశ్చర్యం లేదు. అయినా 2025 అక్టోబరు 23న ఇంగ్లండ్ రాజు మూడో చార్లెస్ సిస్టైన్ చాపెల్‌లో పోపుగారితో కలిసి ప్రార్థించారు. మతసంస్కరణ తర్వాత ఒక ఇంగ్లండ్ రాజు, ఒక పోపు బహిరంగంగా అలా ప్రార్థించడం అదే మొదలు.

లూథర్‌ను 1521లో వెలివేసింది పదో లియో. ఆ లూథర్ కూడా అగస్టీనియన్ సన్యాసే, ఇప్పటి పోపుగారి సభవాడే. తూర్పు ఆర్థడాక్స్‌వారికి 1054 చీలికలో వెలి పత్రం తెచ్చినవాళ్లు తొమ్మిదో లియో పంపిన దూతలు, పత్రం పెట్టేనాటికి ఆయన చనిపోయి మూడు నెలలైంది. ఇంకా వెనక్కి వెళ్తే 451లో క్రీస్తు స్వభావం మీద కల్కెదోను మహాసభ చేసిన నిర్ణయానికి ఆధారమైన లేఖ మొదటి లియోది. ఆ సభను ఒప్పుకోని కోప్టు, అర్మేనియా, సిరియా ఆర్థడాక్స్ సంఘాలు ఆ తగాదాతోనే క్రమంగా వేరుపడ్డాయి. కేరళలోని మలంకర ఆర్థడాక్స్ సంఘం ఆ కుటుంబంలో చేరింది చాలా తర్వాత. ఇంత చరిత్ర ఉండి కూడా కాన్‌స్టాంటినోపుల్ పాట్రియార్క్ బర్తొలొమయి మే 18న రోమ్ వచ్చారు. నికేయ మహాసభకు 1700 ఏళ్లయిన సందర్భంగా నవంబరు 28న తుర్కియేలోని ఇజ్నిక్‌లో ఇద్దరూ కలిసి ప్రార్థించారు. అక్కడ విశ్వాస ప్రమాణాన్ని చదివినప్పుడు పవిత్రాత్మ తండ్రి నుంచే కాక 'సుతుని (క్రీస్తు) నుంచి కూడా' బయలుదేరుతాడన్న లాటిన్ చేర్పు లేకుండా చదివారు. వెయ్యేళ్ల తగాదాలో కేంద్రబిందువు ఆ చిన్న చేర్పే. ఆ వార్త తెలుగు పత్రికల్లో పర్యటన ఫొటోగా వచ్చి వెళ్లిపోయింది.

స్వతంత్ర సంఘాల దగ్గర కథ వేరు. యూట్యూబ్‌లో కొందరు బోధకులు ప్రతి పోపునూ బైబిల్ ప్రకటన గ్రంథంలోని, 666 సంఖ్య గల క్రూరమృగంతో కలుపుతారు. వాళ్లు చూపించే లెక్క లాటిన్‌లో 'వికారియుస్ ఫిలీ దేయి' (దైవకుమారుని ప్రతినిధి) అన్న బిరుదులోని అక్షరాలను రోమన్ అంకెలుగా కూడడం. 112, 53, 501, మొత్తం 666. లెక్క సరిగ్గానే కుదురుతుంది, కానీ అది పోపుగారి అధికార బిరుదు కాదు. కాన్‌స్టాంటైన్ దానపత్రమనే దొంగ పత్రంలో కనిపించే మాట. రాబోయే పోపుల జాబితా అంటూ తిరిగే మలాకీ జోస్యం కూడా అంతే. 1148లో చనిపోయిన మలాకీ అనే ఐర్లండ్ బిషప్ చెప్పాడంటారు గానీ, అది తొలిసారి అచ్చయింది 1595లో. అచ్చు తేదీ వరకు వచ్చిన పోపుల వర్ణనలు అచ్చుగుద్దినట్టు సరిపోతాయి, ఆ తర్వాతవి పట్టాలు తప్పుతాయి. ఎవరు ఎప్పుడు రాశారో ఊహించడానికి అది చాలు. ఆ జాబితా ప్రకారం ఫ్రాన్సిసే ఆఖరి పోపు అన్నవాళ్లు లియో వచ్చాక లెక్క మళ్లీ మొదలుపెట్టారు. వీటిని 'క్రైస్తవుల్లో ఆందోళన' అని వార్త చేయకండి.

మన దగ్గర కథోలికుల స్పందనలో రోమ్ విలేకరులకు అందని పాయ ఒకటుంది. ఆ కాన్‌క్లేవ్‌లో (పోపును ఎన్నుకునే సభలో) ఓటేసిన 133 మంది కార్డినళ్లలో నలుగురు భారతీయులు, వారిలో ఒకరు హైదరాబాద్ అగ్రపీఠాధిపతి పూల ఆంతోని. 2022 ఆగస్టులో కార్డినల్ అయిన ఆయన ఆ హోదా పొందిన తొలి తెలుగువారు, తొలి దళితుడు. తెలుగు కథోలికుల్లో దళితులు పెద్ద సంఖ్యలో ఉన్నా మేత్రాణుల పదవుల్లో వారి వాటా ఎంత అన్న ప్రశ్న పాతది. పోపు మారినప్పుడల్లా విచారణల్లో (ఒక్కో గురువు కింద ఉండే స్థానిక సంఘాల్లో) నడిచే అసలు చర్చ అదే. క్రైస్తవంలోకి మారిన దళితులకు ఎస్సీ హోదా సంగతి 1950 రాష్ట్రపతి ఉత్తర్వుతో ముడిపడింది, దాన్ని పోపుగారు మార్చలేరు. మేత్రాణులను నియమించేది మాత్రం ఆయనే. ఇక్కడ ఇంకో పొరపాటు దొర్లింది: ప్రెవోస్ట్ 2023 నుంచి బిషప్పుల విభాగానికి అధిపతి కాబట్టి మన పీఠాలన్నీ ఆయనకు కొట్టినపిండి అని రాశారు. తెలుగు నాట లాటిన్ పీఠాల నియామకాలు ఆ విభాగంలో జరగవు. అవి సువార్తీకరణ విభాగం కిందికొస్తాయి. 2022 సంస్కరణ తర్వాత దానికి అధిపతి నేరుగా పోపే.

కార్డినల్‌గారిని 'ఎవరికి ఓటేశారు' అని మైకు పెట్టి అడగడం వృథా. తలుపులు మూసేముందే రహస్యం దాస్తామని ప్రమాణం చేస్తారు. లూథరన్ పాస్టరుగారిని 1999లో ఆగ్స్‌బర్గ్‌లో కథోలికులతో కుదిరిన నీతిమత్వ ప్రకటన (దేవుడు మనిషిని నీతిమంతుడిగా ఎలా ఎంచుతాడన్న దానిపై ఒప్పందం) గురించి అడిగితే జవాబు వస్తుంది. బాప్తిస్టును అడిగితే తమ స్థానిక సంఘం మీద ఏ పీఠానికీ పెత్తనం లేదంటారు, అది కూడా వార్తే. కథోలిక విచారణ గురువును మాత్రం సంతోషమా అని అడగకండి, ఏ గురువూ కాదనరు. ఖాళీ అయిన తెలుగు పీఠానికి కొత్త మేత్రాణుల పేరు వచ్చేదాకా ఆగండి. అలాంటి ప్రకటన వాటికన్ నుంచి రోమ్ మధ్యాహ్నం 12 గంటలకు, అంటే మనకు వేసవిలో 3.30కి, చలికాలంలో 4.30కి వస్తుంది. ఆ సాయంత్రం నాలుగు విచారణలకు ఫోన్ చేయండి. పోపుగారి మీద మనవాళ్ల అభిప్రాయం దాపరికం లేకుండా వినిపిస్తుంది.

— ఒక కథోలిక పాఠకుడు, గుంటూరు