సభ్యులకు 2025–26 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం. గుమాస్తాలుగా, అకౌంటెంట్లుగా, సూపరింటెండెంట్లుగా చేసి రిటైరైన మనం ఈ ఏడాది ఎక్కువ సమయం ఒకే పనికి ఇచ్చాం. కర్నూలు జిల్లా పడమటి మండలాల్లో జనాభా, వలసల సర్వే చేస్తున్న ఒక యూనివర్సిటీ బృందానికి ఆఫీసు పని చూసిపెట్టాం.

ఈ పరిశోధన కొత్తదేమీ కాదు. కేంద్ర ఆరోగ్య శాఖ గ్రాంటుతో దేశంలో 18 జనాభా పరిశోధన కేంద్రాలు ఉన్నాయి. మన రాష్ట్రంలోది విశాఖలో, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఉంది. ఎంత గొప్ప ప్రొఫెసర్లున్నా, ఇచ్చిన డబ్బు దేనికి ఖర్చయిందో చూపే యూటిలైజేషన్ సర్టిఫికెట్ పోకపోతే తర్వాతి విడత రాదు. అది రాకపోతే ఎండలో ఇల్లిల్లూ తిరిగే సర్వే పిల్లలకు టీఏ, డీఏ అందదు. అందుకే అడ్వాన్సుల సర్దుబాటు, ఓచర్లు, జీపు లాగ్‌బుక్ మనవాళ్లు భుజాన వేసుకున్నారు. సర్వే ఫారాల్లో పేర్లున్న పేజీలను వేరు చేసి బీరువాలో పెట్టి తాళం వేసే బాధ్యత కూడా మనదే.

నింపి తెచ్చిన షెడ్యూళ్లను, అంటే సర్వే ఫారాలను, సరిచూడటం దగ్గరే అసలు విషయం బయటపడింది. కోసిగి వైపు ఒక ఊరి కట్టలో వరసగా ఇంటి తర్వాత ఇల్లు 'తాళం' అని రాసి ఉంది. మన సభ్యుడొకరు కట్ట పక్కన పెట్టి, "పొలానికి పోయినారా, ఊరే వదిలి పోయినారా?" అని అడిగారు. సర్వే పిల్లలు మళ్లీ వెళ్తే పక్కింటి అవ్వ చెప్పింది: "సుగ్గికి పోయినారు నాయనా, గుంటూరు పక్క మిరపకాయలకు. పిల్లోళ్లను గూడా తోలుకపోయినారు." సుగ్గి అంటే కోతల కాలపు వలస. ఆ తర్వాత షెడ్యూల్లో మూడు గడులు చేర్చారు: తాళం ఎందుకు, ఎప్పటి నుంచి, బడి ఈడు పిల్లలు ఎందరు. అవి లేకుంటే ఆ కుటుంబాలన్నీ కాగితం మీద ఖాళీ ఇళ్లుగా మిగిలేవి. ఈ ఏడాది మనం చేసిన పనుల్లో ఇదే పెద్దదని నా అభిప్రాయం.

పాత లెక్కలతో పోల్చడం ఇంకో తలనొప్పి. 2011లో ఉమ్మడి కర్నూలు జిల్లా జనాభా 40,53,463. 2022 ఏప్రిల్ 4న నంద్యాల విడిపోయింది కాబట్టి మండలాల వారీగా మళ్లీ కూడాల్సి వచ్చింది. ఇద్దరు సభ్యులు ఓపిగ్గా కూర్చుని పూర్తి చేశారు.

పెన్షన్ అర్జీలు, వైద్య శిబిరం ఎప్పటిలాగే జరిగాయి. జమాఖర్చులు కోశాధికారి చదువుతారు.

ఇక వచ్చే ఏడాది. జనగణనలో మనుషుల లెక్కింపు 2027 ఫిబ్రవరిలో, సరిగ్గా మిరప కోతలప్పుడు. ఆ రోజులన్నీ ఊళ్లో లేనివాళ్లు ఉన్నచోటే లెక్కకెక్కాలి. చేను గట్టున గుడారంలో ఉన్నవాళ్లను ఎవరో ఒకరు వెళ్లి అడిగితేనే అది జరుగుతుంది. సంక్రాంతికి ముందే సచివాలయాల సిబ్బందితో కలిసి సుగ్గికి పోయే కుటుంబాల జాబితా, ఏ ఊరికి పోతున్నారో వివరాలతో, తయారుచేసి అధికారులకు ఇద్దామని కార్యవర్గం నిర్ణయించింది. ఆదోని, ఎమ్మిగనూరు, మంత్రాలయం వైపు ఉన్న సభ్యులు ఈ పనికి ఈ సమావేశం ముగిసేలోగా తమ పేర్లు ఇవ్వగలరు.

— కార్యదర్శి