పాత టెంటు కొనేముందు

నల్గొండ

అరేయ్ దోస్త్,

నీ ఉత్తరం అందింది. సోమశిలలో కృష్ణ ఒడ్డున టెంటు వేసుకుని పడుకుంటానన్నావు చూడు, అక్కడ నవ్వు ఆగలేదు. ఫ్యాను లేకపోతే నిద్రపట్టని మనిషివి! సరే, పిల్లలు అడుగుతున్నారంటే పోవాల్సిందే. సెకండ్‌హ్యాండ్ సామాను చూడటం మంచి పనే. మనోళ్లు ఒక్కసారి ట్రెక్కింగుకు పోయొచ్చి అంతా అటకెక్కిస్తారు, ఇల్లు మారేటప్పుడు వచ్చిన కాడికి ఇచ్చేస్తారు.

కానీ "ఒక్కసారే వాడినం అన్నా, కొత్తదే" అంటే పడిపోకు. ఈ సామాను వాడితే కన్నా మడిచిపెడితేనే ఎక్కువ పాడవుతుంది. టెంటు గుడ్డకు నీళ్లు దిగకుండా లోపలివైపు పాలియురెథేన్ అనే ప్లాస్టిక్ పూత ఉంటుంది. తడిగా మడిచి, మన ఎండల్లో రేకుల కింద పడేస్తే ఆ పూత జిగురవుతుంది. మొన్న గడియారం సెంటర్ దగ్గర ఒకాయన టెంటు చూపించాడు. బయటికి తళతళలాడుతోంది. విప్పబోతే మడతలు అతుక్కుపోయి చిరచిరమంటూ లేచాయి, పైగా పుల్లటి వాసన. ఆయన పోయించిన చాయ్ తాగి వచ్చేశాను, బేరమే ఆడలేదు.

పోయినప్పుడు మొహమాటపడకుండా టెంటు మొత్తం వేయించు. అడుగు గుడ్డ కింద పొడి రుమాలు పెట్టి, పైన గ్లాసెడు నీళ్లు పోసి కాసేపు ఆగు. కుట్ల మీది టేపు పొట్టులా లేస్తోందేమో గోటితో గీకి చూడు. జిప్పు వేసినా వెనక పళ్లు విడిపోతుంటే మాత్రం కంగారుపడకు. చాలాసార్లు అరిగేది పళ్లు కాదు, పట్టుకుని లాగే రన్నర్. బ్యాగులు కుట్టే ఆయన దగ్గర కొద్ది డబ్బులకే మారుతుంది. అమ్మేవాడికి ఆ సంగతి తెలియకపోతే బేరం నీ చేతిలో ఉన్నట్టే. (వీపుకు తగిలించుకునే నా రక్‌సాక్ బ్యాగు అట్లనే వచ్చింది. పాపం అనిపించింది, కొంచెమే.)

బూట్ల విషయంలో "డబ్బాలోంచే తీయలేదు" అన్నవాడిని అసలు నమ్మకు. కొన్నింటి మడమ కింది మెత్తటి పొర కూడా పాలియురెథేనే. గాలిలో తేమకు ఏళ్ల తరబడి లోలోపలే చివికిపోతుంది. బయటికి కొత్తగానే ఉంటుంది, కొండెక్కేటప్పుడు అట్ట ఊడి చేతికొస్తుంది. బొటనవేలితో గట్టిగా నొక్కి చూడు. పగుళ్లు కనిపిస్తే వదిలెయ్. స్లీపింగ్ బ్యాగు జోలికి పోకు, సోమశిల చలికి దుప్పటి చాలు.

పెద్దోడు భువనగిరి గుట్ట ఎక్కడం నేర్చుకుంటానన్నాడని రాశావు. 2014లో ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ శిక్షణ తీసుకున్నది ఆ బండ మీదే, పంపించు. కానీ వాడికోసం పాత తాడు, నడుముకు కట్టుకునే హార్నెస్ పట్టీలు కొన్నావంటే నీకూ నాకూ గొడవే. నైలాన్ తాడు అసలు వాడకపోయినా పదేళ్లకు పక్కన పెట్టమని తయారుచేసేవాళ్లే చెబుతారు. ఎండలో ఎంతకాలం ఉందో, దాని మీద బ్యాటరీ యాసిడ్ పడిందో, ఎవడు ఎంత ఎత్తు నుంచి పడితే ఆపిందో చూస్తే తెలియదు. టెంటు కారితే తడుస్తాం, అంతే. తాడు అట్లా కాదు. నేర్చుకునేటప్పుడు నేర్పేవాళ్ల సామానే వాడనివ్వు.

నీ పాత బ్యాగు అమ్ముతానన్నావు కదా, చిరిగినచోట ముందే ఫొటో తీసి పెట్టు. లేకపోతే ఇంటికొచ్చి చూసి సగం రేటు అడుగుతారు. "లాస్ట్ ఎంత అన్నా" అని మాత్రమే మెసేజ్ పెట్టేవాళ్లకు జవాబివ్వకు, వాళ్లు రారు. మిలిటరీ ఆఫీసర్‌నని, బేరమాడకుండానే ఒప్పుకుని, డబ్బు పడాలంటే క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టమంటే వెంటనే ఫోన్ పెట్టెయ్. మనకు డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు. వదినకు కూడా చెప్పు, ఫోన్ ఆమె దగ్గరే ఉంటుంది కదా.

ఈసారికి టెంటు కొనకు, నాది తీసుకుపో. నలుగురూ ఇరుక్కుని పడుకోవచ్చు. దసరాకు పాలమూరు వస్తున్నా, అప్పుడు తెస్తా. వాడాక బాగా ఆరబెట్టి ఇవ్వాలి, తడిగా మడిచి తెచ్చావంటే తీసుకోను. పిల్లల బూట్ల సైజులు రాసి పంపు.

నీ దోస్తు