కొట్టు ఒక్కటే చెబితే చాలదు

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం సంచికలో బ్రిటన్ రాజకీయాల మీద వచ్చిన వ్యాసం రెండుసార్లు చదివాను. అక్కడ పెత్తనమంతా జమీందారీ కుటుంబాలకీ కార్మిక సంఘాలకీ మధ్యే నడిచిందనీ, 1980లలో ప్రధానిగా ఉన్న మార్గరెట్ థాచర్ "కిరాణా కొట్టు కూతురు" అన్నది ఓట్ల కోసం అల్లిన కథనీ రాశారు. ఆ మాట నన్ను గుచ్చుకుంది. గోదావరి జిల్లాలో ఒక చిన్న ఊళ్లో 32 ఏళ్లు కిరాణా కొట్టు నడిపి, ఒక విడత వార్డు కౌన్సిలర్‌గా కూడా చేసినవాణ్ణి నేను.

నాటింగ్‌హామ్‌లో ఉంటున్న మా అమ్మాయి దగ్గరికి వెళ్లినప్పుడు పట్టుబట్టి థాచర్ పుట్టిన ఊరు గ్రాంథమ్ తీసుకెళ్లమన్నాను. రైల్లో గంట కూడా పట్టదు. నార్త్ పెరేడ్ వీధి మలుపులో ఇటుకల ఇల్లు. కింద కొట్టు, పైన కాపురం. ఆమె పుట్టిన ఇల్లని గోడకి ఒక పలక. ఆమె తండ్రి ఆల్‌ఫ్రెడ్ రాబర్ట్స్ పంచదార, టీ, బిస్కెట్లు టోకున తెప్పించి, తూచి, పొట్లాలు కట్టి అమ్మింది అక్కడే. కూతురు కూడా ఆ పనిలో చెయ్యి వేసేది. ఇంట్లో వేడినీళ్ల కుళాయి ఉండేది కాదు, మరుగుదొడ్డి బయట. పురికొస లాగి లాగి చూపుడువేలి మీద గాడి పడినవాణ్ణి, ఆ కొట్టు ముందు నుంచి కదలబుద్ధి కాలేదు. అది అల్లిన కథ కాదండీ.

అయితే ఆమెను మెచ్చుకునేవాళ్లూ తిట్టేవాళ్లూ కొట్టు దగ్గరే ఆగిపోతారు. 13 ఏళ్లకే బడి మానేసిన ఆ తండ్రి 1927లో ఇండిపెండెంట్‌గా ఊరి కౌన్సిల్‌కి గెలిచారు. ఆర్థిక కమిటీ లెక్కలు చూశారు, 1945లో మేయర్ అయ్యారు. ఆదివారాలు మెథడిస్టు చర్చిల్లో వాక్యం చెప్పేవారు. లండన్‌కి దూరంగా ఉన్న ఊళ్లలో మధ్యతరగతి వాళ్లు రాజకీయం నేర్చుకున్న బడి ఆ కౌన్సిల్ హాలే.

ఆ బడి వెనక పాత చరిత్రే ఉంది. పార్లమెంటు సీట్ల పంపకాన్ని సవరించిన 1832 చట్టం రాకముందు మనుషులే లేని ఓల్డ్ శారమ్ దిబ్బకి ఇద్దరు ఎంపీలు ఉంటే, మాంచెస్టర్‌కి, బర్మింగ్‌హామ్‌కి ఒక్కరూ లేరు. తర్వాత నలభై ఏళ్లకి మరమేకుల ఫ్యాక్టరీ నడిపిన జోసెఫ్ చాంబర్లేన్ బర్మింగ్‌హామ్ మేయర్ అయి, గ్యాస్ కంపెనీలనీ నీటి కంపెనీనీ ఊరి చేతికి తెచ్చారు. వార్డులో ఒక్క కుళాయి వేయించడానికి ఎన్నిసార్లు తిరగాలో తెలిసినవాడిగా ఆయనకి దణ్ణం పెడతాను. రోచ్‌డేల్ నూలు మిల్లుల జాన్ బ్రైట్ 1858లో పార్లమెంటులో ఒక లెక్క చెప్పారు. 1834 నుంచి 1848 దాకా 14 ఏళ్లలో ఈస్టిండియా కంపెనీ తన ఏలుబడిలోని ప్రాంతమంతటా ప్రజాపనులకి పెట్టిన ఖర్చు కన్నా, మాంచెస్టర్ ఒక్క ఊరు తన మంచినీళ్లకి పెట్టిందే ఎక్కువట! దవళేశ్వరం ఆనకట్ట నీళ్లతో బతికినవాళ్లం, ఆ లెక్క చదివినప్పుడు నా కళ్లు చెమర్చాయి.

థాచర్‌తో నాకున్న పేచీ ఇక్కడే. 1952లో లేబర్ పార్టీకి గ్రాంథమ్ కౌన్సిల్‌లో మెజారిటీ రాగానే ఆమె తండ్రిని ఆల్డర్‌మన్ (కౌన్సిలర్లే ఎన్నుకునే పెద్ద సభ్యుడు) పదవి నుంచి తప్పించారు. ఆ సంగతి తలుచుకుని ఆమె 1985లో, ప్రధానిగా ఉండగానే, టీవీలో కన్నీళ్లు పెట్టుకున్నారు. అది నటన అని నేను అనను. కానీ అంతకు ముందు ఏడాదే కౌన్సిళ్లు ఎంత పన్ను వేయాలో లండన్ నుంచి హద్దు పెట్టే చట్టం తెచ్చింది ఆమె ప్రభుత్వమే. కన్నీళ్లు పెట్టిన ఆ 1985లోనే లండన్ పెద్ద కౌన్సిల్‌నీ, మాంచెస్టర్, బర్మింగ్‌హామ్ ప్రాంతాలవి సహా మరో ఆరు పెద్ద కౌన్సిళ్లనీ రద్దు చేసే చట్టం చేసింది. మరుసటి ఏడాదికి అవి లేవు. పన్నుల బరువు చిన్న కొట్ల మీద పడుతోందన్న ఆమె బాధలో నిజం ఉంది, నేనూ లైసెన్సు ఫీజులు కట్టినవాణ్ణే. దానికి కౌన్సిళ్లనే ఎత్తేస్తే, మరో ఊరి రాబర్ట్స్ రాజకీయం ఎక్కడ నేర్చుకోవాలి?

ఆమె మీద విమర్శ రాయదలిస్తే ఇది రాయించండి. ఆ కొట్టు అబద్ధమన్న వాక్యాన్ని మాత్రం దయచేసి సవరించండి.

— పాత కిరాణా వ్యాపారి, తూర్పు గోదావరి జిల్లా